నాలుగు చోట్ల ఒకే లెక్క

చంద్రగిరి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఆరెకరాల భూమికి క్రయ దస్తావేజు రిజిస్టరైందనుకుందాం. అందులో నాలుగెకరాలు చంద్రగిరి పరిధిలోవి, మిగతా రెండెకరాలు పక్కనున్న పాకాల పరిధిలోవి. ఆస్తిలో కొంత భాగం ఏ కార్యాలయం కిందికి వస్తే ఆ కార్యాలయంలో మొత్తాన్నీ రిజిస్టరు చేయించుకునే వీలు చట్టంలోనే ఉంది కాబట్టి అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ ఒక్కచోటికే వచ్చి సంతకాలు పెట్టి వెళ్లిపోయారు. మరి రేపు పాకాల కార్యాలయానికి పోయి ఆ రెండెకరాల మీద ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు చూపే ధ్రువపత్రం) అడిగినవాడికి ఈ అమ్మకం సంగతి ఎలా తెలియాలి?

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం దీనికి 64, 65, 66 సెక్షన్లలో సమాధానం చెప్పింది. రెండు కార్యాలయాలూ ఒకే రిజిస్ట్రారు కింద ఉంటే, రిజిస్టరు చేసిన సబ్ రిజిస్ట్రారు ఒక మెమో రాసి రెండో ఆయనకు పంపాలి. ఆయన దాన్ని తన ఒకటో నంబరు పుస్తకంలో ఫైలు చేసుకోవాలి. భూమి రెండు జిల్లాల్లో ఉంటే మెమో సరిపోదు. దస్తావేజు నకలు, దాని మీది ఎండార్స్‌మెంట్లు, పటం ఉంటే పటం నకలు అన్నీ అవతలి జిల్లా రిజిస్ట్రారుకు పోవాలి. ఆయన తన పుస్తకంలో చేర్చుకుని, తన కింద ఏ సబ్ రిజిస్ట్రారు పరిధిలో ఆ భూమి ఉందో వాళ్లకు మళ్లీ మెమో పంపాలి. కంప్యూటర్లు లేని కాలంలో, కాగితం, సిరా, తపాలా సంచులతో నడిచిన ఏర్పాటిది. అయినా ఇవాళ వేర్వేరు ఊళ్లలో ఉన్న డేటాబేస్ నకళ్లను ఒక్కలా ఉంచే పద్ధతికి కావలసిన ఎముకల గూడు మొత్తం ఇందులో ఉంది. మార్పు ఎక్కడ జరిగిందో అక్కడే మొదట నమోదవుతుంది, ఎవరికి తెలియాలో వాళ్లకు కబురు వెళుతుంది, అందుకున్నవాళ్లు తమ నకలులో చేర్చుకుంటారు.

చిక్కంతా ఆ కబురు దారిలో ఉన్న కాలంలో ఉంది. మెమో చంద్రగిరిలో బయల్దేరి పాకాల చేరి పుస్తకంలోకి ఎక్కేదాకా రెండు కార్యాలయాలూ రెండు వేర్వేరు నిజాలు చెబుతాయి. ఒకచోట అమ్ముడుపోయిన భూమి ఇంకోచోట అమ్మకానికి సిద్ధంగా ఉన్నట్టు కనిపిస్తుంది. కాగితం పోయి తీగ వచ్చినా, తీగ పోయి సెల్ టవరు వచ్చినా ఈ వ్యవధి తగ్గింది కానీ మాయం కాలేదు. రెండు చోట్ల నకళ్లు ఉన్నంతకాలం అది ఉండి తీరుతుంది, ఎందుకంటే వార్త వెలుగు కన్నా వేగంగా పోలేదు.

అదే చట్టంలో ఇంకా లోతైన సంగతి 47వ సెక్షన్‌లో ఉంది. రిజిస్టరైన దస్తావేజు రిజిస్టరైన రోజు నుంచి కాకుండా, రిజిస్ట్రేషన్ అవసరమే లేకపోయి ఉంటే ఎప్పటి నుంచి అమల్లోకి వచ్చేదో అప్పటి నుంచి, అంటే మామూలుగా రాసి సంతకం పెట్టిన నాటి నుంచి అమల్లోకి వస్తుంది. సంతకం పెట్టాక కార్యాలయానికి తేవడానికి 23వ సెక్షన్ నాలుగు నెలలు గడువిచ్చింది. జనవరిలో సంతకమై ఏప్రిల్‌లో రిజిస్టరైన దస్తావేజు, ఫిబ్రవరిలో సంతకమై ఆ రోజే రిజిస్టరైన దస్తావేజు కన్నా ముందుదే. కార్యాలయం పుస్తకంలో వరుస ఒకటి, నిజంగా జరిగిన వరుస ఇంకొకటి. ఈ చట్టం రాసినవాళ్లు ఆ రెండింటినీ విడదీసి, జరిగిన వరుసకే పెద్దపీట వేశారు. అందుకే అనుభవమున్న దస్తావేజు లేఖరులు ఈరోజు ఈసీ ఖాళీగా ఉందన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండరు. ఇప్పటికే జరిగిపోయి ఇంకా కార్యాలయం గడప తొక్కని సంగతులు బయట ఉండవచ్చని వాళ్లకు తెలుసు.

కంప్యూటరు శాస్త్రం ఇదే ప్రశ్నను 1975 జనవరిలో ఎదుర్కొంది. అమెరికాలో బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ సంస్థలో పనిచేసే పాల్ జాన్సన్, రాబర్ట్ థామస్ నకలు డేటాబేస్‌ల నిర్వహణ గురించి ఒక చిన్న పత్రం రాశారు. ఇంటర్నెట్‌కు పూర్వ రూపమైన అర్పానెట్‌లో వాడుకదారుల పేర్ల జాబితాలాంటి చిన్న డేటాబేస్‌ను చాలా యంత్రాల మీద నకళ్లుగా ఉంచాలి. ఏ యంత్రం పనిచేయకపోయినా మిగతావి పనిచేయాలి, ఏ నకలులోనైనా మార్పు చేయగలగాలి. వాళ్లు చెప్పిన ఉపాయం సులువుగా అర్థమవుతుంది. ప్రతి నమోదుకూ రెండు ముక్కల ముద్ర వేయాలి, ఒకటి సమయం, రెండోది ఆ మార్పు చేసిన స్థలం. కబురు అందినప్పుడు నా దగ్గరున్నదానికన్నా కొత్త ముద్ర ఉంటే తీసుకుంటాను, పాతదైతే పక్కన పెడతాను. సమయాలు సరిగ్గా ఒకటే అయితే స్థలం సంఖ్య చూసి తేల్చుకుంటాను. ఈ నియమాన్ని అందరూ పాటిస్తే కబుర్లు ఏ వరుసలో చేరినా, కొత్త మార్పులు ఆగాక చివరికి అన్ని నకళ్లూ ఒకే చోటికి చేరుతాయి. చట్టం దస్తావేజు మీద దాఖలు చేసిన రోజు, గంట, చోటు రాయమని 52వ సెక్షన్‌లో చెప్పింది. జాన్సన్, థామస్ ముద్రలో ఉన్నవీ సమయమూ చోటూనే.

ఇక ఈ సంగతిని దగ్గర నుంచి చూడటానికి పాల కేంద్రానికి పోదాం. పలమనేరు, పుంగనూరు వైపు పల్లెల్లో పొద్దున్నే ఆడవాళ్లు పాల క్యాన్లు పట్టుకుని వరుస కడతారు. పాలు పోసే ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఉంటుంది. కాటా మీద బరువు, చిన్న సీసాలో శాంపిలు, ఎనలైజరులో వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘన పదార్థాల శాతం), రేటు చార్టు ప్రకారం ధర, చేతికొక చీటీ. ఉదయం షిఫ్టు, సాయంత్రం షిఫ్టు. పది రోజులకో పదిహేను రోజులకో బిల్లు. కేంద్రంలో ఒక పాత కంప్యూటరు, పాలు చల్లబరిచే బీఎంసీయూలో ఇంకొకటి, ఊళ్లు తిరిగే సూపర్‌వైజరు ఫోనులో ఒక యాప్, పట్నంలో డెయిరీ ఆఫీసు. నాలుగు చోట్ల నాలుగు నకళ్లు ఉన్న చిన్న డేటాబేస్ ఇది. కరెంటు పోతుంది, సిగ్నలు పోతుంది, ఒక్కోసారి పెన్‌డ్రైవే గతి. పాలు మాత్రం ఆగవు.

ఇలాంటి చోట ఏ సింక్ సాఫ్ట్‌వేరు, అంటే నకళ్లను ఒక్కలా ఉంచే సాఫ్ట్‌వేరు, కొనాలి అని మొదలుపెట్టేవాళ్లను చాలామందిని చూశాను. నా దృష్టిలో అది ఆఖరి ప్రశ్న. ముందు ప్రతి పట్టికనూ, అవసరమైతే ప్రతి గడినీ విడిగా తీసుకుని, దీన్ని మార్చే హక్కు ఎవరిది అని అడగాలి. పాల కేంద్రం లెక్కలో మూడు రకాల విషయాలున్నాయి. రేటు చార్టును ఆఫీసు ఒక్కటే మారుస్తుంది, మిగతావాళ్లు చదువుకుంటారు. కేంద్రంలో ఎవరూ దాన్ని ముట్టుకోకుండా తాళం వేస్తే చాలు, గొడవకు తావే లేదు, కొత్త చార్టు ఆలస్యంగా అందడమొక్కటే మిగులుతుంది. ఆలస్యానికి కూడా మందుంది. చార్టు మీద ఫలానా తేదీ ఉదయం షిఫ్టు నుంచి అమలు అని ముందే రాసి రెండు మూడు రోజుల ముందు పంపితే, మధ్యలో ఒక పూట సిగ్నలు లేకపోయినా ఎవరికీ నష్టం రాదు.

రెండోది రోజువారీ పాల నమోదు. ఇది కేంద్రంలో పుడుతుంది, పుట్టాక మారదు, కొత్తవి చేరుతూ పోతాయంతే. ఇలాంటి డేటాను కలపడం చాలా తేలిక, రెండు నకళ్లలో ఉన్నవన్నీ ఒకచోట పోగేస్తే చాలు. అయితే ఒక జాగ్రత్త. నమోదుకు పేరు పెట్టడంలో డేటాబేస్ ఇచ్చే వరుస సంఖ్యను నమ్ముకోకూడదు. ఈ కేంద్రంలో 1041వ నమోదు పుడుతుంది, అవతలి ఊళ్లోనూ 1041వ నమోదు పుడుతుంది, రెండూ ఆఫీసుకు చేరగానే ఒకటి ఇంకొకదాన్ని తుడిచిపెడుతుంది. కేంద్రం నంబరు, తేదీ, షిఫ్టు, సభ్యుల నంబరు, ఆ పూట ఎన్నోసారి పోశారో ఆ సంఖ్య, ఇవన్నీ కలిపి పేరు పెడితే ఆ డెయిరీ లెక్కలో ఇంకెక్కడా ఆ పేరు పుట్టదు. రిజిస్ట్రేషన్ కార్యాలయాలు దస్తావేజుకు నంబరు, సంవత్సరం, కార్యాలయం పేరు కలిపి చెప్పుకునేది ఇందుకే. నంబర్లు ఏటా ఒకటి నుంచి మొదలవుతాయి, ఒక్క నంబరు చెబితే ఏ దస్తావేజో తేలదు.

పేరు ఇలా పెట్టుకుంటే ఇంకో మేలు జరుగుతుంది. పెన్‌డ్రైవ్ తెచ్చిన కుర్రాడు ఎక్కించానో లేదో అన్న అనుమానంతో అదే ఫైలును రెండోసారి ఎక్కించినా ఏమీ కాదు. ఆ పేరుతో నమోదు ముందే ఉంది కాబట్టి రెండోది దాని మీదే కూర్చుంటుంది. అదే కబురును 47వ నంబరు ఖాతాకు 5.2 లీటర్లు కలుపు అన్న రూపంలో పంపితే రెండోసారి ఎక్కించగానే 10.4 అయి కూర్చుంటుంది. నెట్‌వర్కులో కబురు చేరిందో లేదో తెలియక మళ్లీ పంపడం నిత్యం జరిగే పని, కాబట్టి మొత్తాన్ని ఇంత పెంచు అని ఎప్పుడూ పంపకూడదు. జరిగిన సంగతిని జరిగినట్టు పంపాలి, మొత్తం ఎంతో అవతలివాళ్లే కూడుకుంటారు.

మూడోది సభ్యుల పట్టిక. పేరు, ఫోను నంబరు, బ్యాంకు ఖాతా. దీన్ని కేంద్రంలోనూ మారుస్తారు, సూపర్‌వైజరు ఫోనులోనూ మారుస్తారు, ఆఫీసులోనూ మారుస్తారు. అసలు కష్టమంతా ఇక్కడే మొదలవుతుంది.

మొదటి కష్టం గడియారం. జాన్సన్, థామస్ పద్ధతిలో కొత్త ముద్ర గెలుస్తుంది. కానీ కేంద్రంలోని పాత కంప్యూటరులో మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయి ఉంటుంది. కరెంటు పోయి వచ్చిందంటే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. ఆ పూట అక్కడ దిద్దిన ప్రతి ఖాతా నంబరుకూ పాత ముద్ర పడుతుంది, మిగతా నకళ్లు ఇది పాతదని తోసిపుచ్చుతాయి. దీనికి తలకిందులైనది ఇంకా ప్రమాదం. ఎవరో పొరపాటున సంవత్సరాన్ని 2035 అని పెట్టారంటే, ఆ రోజు దిద్దిన గడి ఆ సంవత్సరం వచ్చేదాకా ఎవరు ఎన్నిసార్లు మార్చినా మారదు. ఎవరికీ ఏ తప్పు సందేశమూ రాదు, దిద్దినది మరుసటి రోజుకు మళ్లీ పాతదిగా కనిపిస్తుంది.

జాన్సన్, థామస్‌ల పత్రం చదివిన కంప్యూటరు శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ దానిలో ఇలాంటి లోపాన్నే పట్టుకున్నాడు. ఒక మార్పును చూసి దానికి స్పందనగా చేసిన ఇంకో మార్పుకు, గడియారాల తేడా వల్ల పాత ముద్ర పడే అవకాశముంది. అంటే కారణం కన్నా ఫలితం ముందు జరిగినట్టవుతుంది. ప్రత్యేక సాపేక్షతా సిద్ధాంతం తెలిసి ఉండటం వల్ల ఈ సంగతి వెంటనే తట్టిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. దూరంగా ఉన్న రెండు సంఘటనల్లో ఏది ముందన్నది ఒకదాని కబురు ఇంకోదానికి చేరగలిగినప్పుడే అర్థవంతమైన ప్రశ్న. 1978లో ఆయన ప్రచురించిన పత్రం గోడ గడియారాన్ని పక్కన పెట్టి లెక్క గడియారాన్ని ఇచ్చింది. ప్రతి నకలు దగ్గర ఒక సంఖ్య ఉంటుంది, ఏ పని చేసినా అది ఒకటి పెరుగుతుంది, ఏ కబురు పంపినా ఆ సంఖ్య దానితో వెళుతుంది. కేంద్రం సంఖ్య 210 దగ్గర ఉండగా ఆఫీసు నుంచి 305 ముద్రతో కబురు వచ్చిందంటే, కేంద్రం తన సంఖ్యను 306కు ఎగరేసుకుంటుంది. ఆ తర్వాత అక్కడ చేసే మార్పుకు 307 పడుతుంది. తాను చూసినదానికన్నా తన మార్పు పాతదిగా కనిపించడం ఇక సాధ్యం కాదు. బ్యాటరీ చచ్చినా, సంవత్సరం తప్పినా ఈ సంఖ్య చెక్కుచెదరదు, ఎందుకంటే అది డేటాబేస్‌లోనే ఉంటుంది.

రెండో కష్టం, ఇద్దరు ఒకరికొకరు తెలియకుండా ఒకే గడిని మార్చడం. లాంపోర్ట్ సంఖ్య ఏదో ఒకదాన్ని గెలిపిస్తుంది కానీ, అసలు ఇక్కడ తగవు ఉందన్న సంగతి చెప్పదు. అది పట్టుకోవడానికి 1983లో స్టాట్ పార్కర్, ఆయన సహచరులు ఒక్క సంఖ్య బదులు ప్రతి నకలుకూ ఒక సంఖ్య చొప్పున వరుసగా ఉంచుకోమన్నారు. 47వ నంబరు సభ్యురాలి నమోదు మీద కేంద్రం 1, ఆఫీసు 0 అని ఉందనుకోండి. కేంద్రంలో ఒకసారి దిద్దితే అది కేంద్రం 2, ఆఫీసు 0 అవుతుంది. సిగ్నలు లేని అదే పూట ఆఫీసులోనూ దిద్దారు, అక్కడ కేంద్రం 1, ఆఫీసు 1 అయింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మొదటిదానిలో కేంద్రం సంఖ్య పెద్దది, రెండోదానిలో ఆఫీసు సంఖ్య పెద్దది. ఏదీ ఇంకొకదాన్ని పూర్తిగా మించలేదు, అంటే ఒకరి మార్పు ఇంకొకరు చూడకుండా చేశారు. ఇక్కడ యంత్రం ఆగి మనిషిని పిలవాలి.

చాలా తగవులు ఆ దశకు రాకుండానే తీరిపోతాయి. కేంద్రంలో మార్చింది ఫోను నంబరు, ఆఫీసులో మార్చింది ఖాతా నంబరు అయితే ఈ వరుసను నమోదు మొత్తానికి కాకుండా గడిగడికీ ఉంచితే రెండు మార్పులూ నిలుస్తాయి. ఇద్దరూ ఖాతా నంబరునే రెండు రకాలుగా మార్చినప్పుడు మాత్రం ఏ సూత్రమూ న్యాయం చేయలేదు. రెండింటినీ అట్టిపెట్టి, ఆమె బిల్లు చెల్లింపు ఆపి, మర్నాడు పాలు పోయడానికి వచ్చినప్పుడు పాస్‌బుక్కు అడిగి తేల్చుకోవడమే దారి. ఆఖరున రాసినవాడే గెలుస్తాడనే నియమాన్ని చాలా సాఫ్ట్‌వేర్లు ఏమీ చెప్పకుండా వాడుతుంటాయి. ఊరి పేరు స్పెల్లింగుకు అది చాలు. డబ్బు చేరాల్సిన ఖాతాకు అది వాడటం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను, నష్టపోయేది ఎప్పుడూ అడగలేని మనిషే.

ఇక తొలగింపు. వినడానికి అన్నిటికన్నా సులువు, చేయడానికి అన్నిటికన్నా కష్టం. 47వ నంబరు సభ్యురాలు ఆవులు అమ్మేసి కేంద్రం మానేసింది, కేంద్రంలో ఆమె పేరు తీసేశారు. నెల రోజులుగా మూలపడి ఉన్న సూపర్‌వైజరు ఫోను ఇవాళ ఆన్ అయింది. అందులో ఆమె పేరుంది, కేంద్రంలో లేదు. యంత్రం వైపు నుంచి చూడండి. ఒకచోట ఉండి ఇంకోచోట లేని నమోదు కనిపించింది. అది ఫోనులో కొత్తగా చేర్చినదా, కేంద్రంలో తీసేసినదా? లేకపోవడానికి ముద్ర ఉండదు. కాబట్టి యంత్రం దాన్ని కొత్తదనుకుని కేంద్రంలోకి తెచ్చిపెడుతుంది, పోయిన పేరు తిరిగి లేస్తుంది. 2007లో అమెజాన్ ఇంజనీర్లు తమ డైనమో అనే వ్యవస్థ గురించి రాసిన పత్రంలో ఇదే ఇబ్బందిని దాచకుండా చెప్పారు. కొనుగోలు బుట్టలో చేర్చిన వస్తువు ఎప్పటికీ పోకుండా చూసుకున్నారు కానీ, తీసేసిన వస్తువు అప్పుడప్పుడు తిరిగి ప్రత్యక్షమయ్యేది.

మందు ఒక్కటే, తీసేయడం కూడా ఒక నమోదు కావాలి. పేరును చెరిపేయకుండా దాని మీద తొలగించాం అన్న గుర్తు వేసి, ఆ గుర్తుకూ ముద్ర వేసి అందరికీ పంపాలి. జాన్సన్, థామస్ 1975లోనే ఈ గుర్తు గురించి చెప్పారు. 1987లో జెరాక్స్ పరిశోధన కేంద్రంలో అలన్ డెమర్స్ బృందం దీన్ని మరణ ధ్రువపత్రం అని పిలిచింది. అయితే ఆ పత్రాలను ఎన్నాళ్లు దాచాలి? అందరూ చూశామని జవాబిచ్చేదాకా దాచాలన్నది జాన్సన్, థామస్‌ల మాట. ఒక్క ఫోను పాడై ఎప్పటికీ జవాబివ్వకపోతే పత్రాలు పోగుపడుతూనే ఉంటాయి. డెమర్స్ బృందం అందరి దగ్గరా కొంతకాలం ఉంచి, ఆ తర్వాత రెండు మూడు చోట్ల మాత్రం నిద్రాణంగా దాచమంది. పాత పేరు ఎక్కడైనా తల ఎత్తితే ఆ పత్రం మేల్కొని మళ్లీ వ్యాపిస్తుంది. చిన్న కేంద్రానికి నా సలహా ఇంతకన్నా తేలిక. ఫలానా రోజులకు మించి సింక్ కాని పరికరాన్ని తిరిగి కలపనివ్వకండి, దానిలో పంపకుండా మిగిలిన నమోదులు ఉంటే ముందు తీసుకుని, మిగతాది తుడిచి, కొత్త నకలు ఎక్కించి పంపండి.

రిజిస్ట్రేషన్ శాఖ ఈ ఊబిలో దిగనే లేదు. అక్కడ ఏ దస్తావేజునూ పుస్తకంలోంచి చింపరు. అమ్మకం రద్దయితే రద్దు దస్తావేజు ఇంకో కొత్త నంబరుతో వస్తుంది, ఈసీలో రెండూ కనిపిస్తాయి. చేర్చడమే తప్ప తీసేయడం లేని పుస్తకాన్ని నకలు చేయడం ఎప్పుడూ తేలిక. 1998లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో కార్డ్ పేరుతో రెండు వందలకు పైగా సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలకు కంప్యూటర్లు వచ్చినప్పుడు పుస్తకం తెరకెక్కింది కానీ ఈ గుణం మారలేదు.

ఇన్ని జాగ్రత్తలు పడ్డాక కూడా నకళ్లు నిజంగా ఒక్కలా ఉన్నాయా అని సరిచూడాలి. పాత రోజుల్లో ఏటా జమాబందీ జరిగేది. ఊరి లెక్కలు తాలూకా లెక్కలతో ఒక్కొక్కటే సరిపోల్చేవాళ్లు, కరణాల ఉద్యోగాలు 1984లో రద్దయ్యేదాకా ఆ పని భారమంతా వాళ్ల మీదే. కంప్యూటరుకు ఇంతకన్నా తక్కువ చూపుతో సరిపోయే ఉపాయాన్ని 1979లో రాల్ఫ్ మెర్కిల్ ఇచ్చాడు. కేంద్రంలో 120 మంది పాలు పోస్తారనుకుంటే రోజుకు రెండు పూటల చొప్పున పదిహేను రోజులకు 3,600 నమోదులు. ప్రతి నమోదునూ ఒక సూత్రంలో వేస్తే హ్యాష్ అనే చిన్న సంఖ్య వస్తుంది, అక్షరం మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. పూటలోని హ్యాష్‌లన్నీ కలిపి పూటకొక హ్యాష్, పూటలు కలిపి రోజుకొకటి, రోజులు కలిపి మొత్తానికొకటి. కేంద్రమూ ఆఫీసూ ముందు ఆ ఒక్క సంఖ్యను పోల్చుకుంటాయి. సరిపోతే పని ముగిసింది. సరిపోకపోతే పదిహేను రోజుల సంఖ్యలు, తేడా ఉన్న రోజులో రెండు పూటలు, ఆ పూటలో 120 నమోదులు. 3,600 చూడాల్సిన చోట 138 పోలికలతో తప్పు దొరుకుతుంది. లీటర్ల మొత్తం సరిపోయిందని తృప్తి పడితే చాలదా అని అడగవచ్చు. ఒకరి 5.2 లీటర్లు ఇంకొకరి 6.1 లీటర్లతో తారుమారైతే మొత్తం అచ్చంగా సరిపోతుంది, ఇద్దరు మనుషుల డబ్బు మాత్రం తప్పిపోతుంది. హ్యాష్ ఆ తారుమారును పట్టుకుంటుంది.

ఇంతవరకూ చెప్పినవన్నీ తర్వాత కలుపుకుంటే సరిపోయే విషయాలు. అలా కుదరనివీ ఉన్నాయి. తిరుపతిలో సర్వదర్శనం టోకెన్లను విష్ణు నివాసం, శ్రీనివాసం, భూదేవి కాంప్లెక్సుల్లో ఇస్తుంటారు. మూడు చోట్లా ఇచ్చేది ఒకే కోటాలోంచి అనుకుందాం. ఆఖరి టోకెన్ ఒకటే మిగిలినప్పుడు మూడు కౌంటర్లూ ఒకరికొకరు తెలియకుండా దాన్ని ఇచ్చేస్తే, సాయంత్రం లెక్కలు కలుపుకుని ప్రయోజనం లేదు, భక్తుడు క్యూలోకి వెళ్లిపోయాడు. ఇచ్చే ముందే తెలియాలి. 2000లో ఎరిక్ బ్రూవర్ ప్రతిపాదించి, 2002లో సేత్ గిల్బర్ట్, నాన్సీ లించ్ నిరూపించిన ఫలితం ఇదే చెబుతుంది. నకళ్ల మధ్య దారి తెగినప్పుడు ప్రతి నకలూ పని సాగించడమూ, అందరూ ఒకే నిజం చెప్పడమూ రెండూ కలిసి సాధ్యం కావు. ఏదో ఒకటి వదులుకోవాలి.

వదులుకునే తీరులో మాత్రం తెలివి చూపవచ్చు. మెజారిటీ ఒక పద్ధతి. మూడు నకళ్లు ఉంటే రెండు ఒప్పుకున్నాకే ఇవ్వాలి. మూడింటిలో ఏ రెండు జతలను తీసుకున్నా వాటిలో ఒక నకలు ఉమ్మడిగా ఉంటుంది, ముందు ఇచ్చిన సంగతి దానికి తెలుసు కాబట్టి రెండోసారి ఇవ్వనివ్వదు. దారి తెగి ఒంటరైన కౌంటరు మాత్రం మూతపడాల్సిందే. కోటాను పంచడం ఇంకో పద్ధతి, నాకు ఎక్కువ నచ్చేది ఇదే. లెక్క కోసం 15,000 టోకెన్లు అనుకుంటే ముందు రాత్రే తలా 5,000 పంచి, తన వాటా వరకూ ప్రతి కౌంటరునూ సొంతంగా ఇవ్వనివ్వాలి. మధ్యాహ్నం నెట్‌వర్కు పోయినా ఎవరూ ఆగరు, ఎవరూ కోటా దాటలేరు. ఒకచోట అయిపోయి ఇంకోచోట మిగిలినప్పుడు మాత్రమే ఒకరితో ఒకరు మాట్లాడుకుని వాటా బదిలీ చేసుకోవాలి. ముగ్గురు పోట్లాడాల్సిన ఒక గడిని ముగ్గురికీ సొంతమైన మూడు గడులుగా చీల్చడమే ఇందులోని కిటుకు. రేటు చార్టుకు తాళం వేసినప్పుడు చేసింది కూడా ఇదే.

ఆఖరుగా ఒక ఆచరణ సంగతి. చిన్న డేటాబేస్‌లు చాలావరకూ ఎస్‌క్యూలైట్‌లో ఉంటాయి. రిచర్డ్ హిప్ 2000లో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేరు దాదాపు ప్రతి ఫోనులో ఉంది, డేటాబేస్ మొత్తం ఒక్క ఫైలు. ఒక్క ఫైలే కదా అని దాన్ని కాపీ కొట్టి పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోయేవాళ్లున్నారు, ఆన్‌లైన్ డ్రైవ్ ఫోల్డరులో పెట్టి అదే సింక్ అనుకునేవాళ్లూ ఉన్నారు. ప్రోగ్రాము నడుస్తుండగా తాజా మార్పులు పక్కనే ఉండే వాల్ అనే ఇంకో ఫైలులో ఉండవచ్చు. అసలు ఫైలొక్కటే తీసుకుపోతే ఆ పూట పోసిన పాలు అందులో ఉండవు, రాస్తున్న మధ్యలో కాపీ చేస్తే ఫైలే పనికిరాకుండా పోవచ్చు. ఎస్‌క్యూలైట్‌లోనే ఉన్న బ్యాకప్ ఆదేశంతో తీసిన నకలును మాత్రమే నమ్మాలి.

ఆ బ్యాకప్పును సింక్‌కు దూరంగా ఉంచాలి. నాలుగు నకళ్లూ చక్కగా సింక్ అవుతున్నాయంటే, ఒకచోట పొరపాటున సభ్యులందరినీ తొలగిస్తే ఆ తొలగింపు కూడా నాలుగు చోట్లకూ చక్కగా చేరుతుంది. అందుకని ప్రతి బిల్లు చెల్లించాక, తర్వాత వచ్చే ఏ మార్పూ ముట్టుకోలేని ఒక నకలు తీసి, తేదీ వేసి, ఇంకో ఊళ్లో పెట్టాలి. 2021 నవంబరు వానల్లో తిరుపతి వీధులు ఏరులై పారాయి. కింది అంతస్తులో పక్కపక్కన పెట్టిన రెండు కంప్యూటర్లు అలాంటి నీళ్లలో కలిసే మునుగుతాయి. తిరుపతిలో నడిచే లెక్కకు నకలు చిత్తూరులోనో మదనపల్లెలోనో ఉండాలి, ఏడాదికొకసారైనా దాన్ని ఖాళీ కంప్యూటరు మీద ఎక్కించి, ఒక పాత బిల్లు తిరిగి తీసి, సభ్యుల చేతిలోని చీటీలతో సరిపోతోందో లేదో చూడాలి.